ఆదివారం పెరడు పని, వంట రెండూ కలిపి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఎలా పూర్తి చేసుకోవాలి

మాది మల్కాజిగిరి వైపు, 200 గజాల్లో కట్టుకున్న పాత ఇల్లు, వెనకాల ఓ పన్నెండు అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది, అందులో ఒక జామచెట్టు, కరివేపాకు, నిమ్మ, సొరకాయ పందిరి, కింద నాలుగు చిన్న మడుల్లో ఆకుకూరలు. మూడేళ్ళ కిందటి దాకా మా ఇంట్లో ఆదివారం అంటే ఎట్లుండేదంటే, మా ఆయన ఒక్కడే పెరట్లో గడ్డి పీక్కుంటా ఉండేవాడు, నేనొక్కదాన్నే వంటింట్లో, పిల్లలు ఫోన్లు పట్టుకుని, అత్తమ్మ టీవీ ముందు. రెండింటికి అన్నం తినేసరికి ఎవరి మొహం చూసినా చిరాకే. పని ఎక్కువై కాదు, ఎవరి పని వాళ్ళు విడివిడిగా చేస్కోవడం వల్ల. పెరట్లో కోసింది వంటింటికి ఎప్పుడు వస్తుందో నాకు తెలీదు, వంటింటి తొక్కలు పెరట్లోకి ఎప్పుడు పోతాయో ఆయనకి తెలీదు. అందుకని రెండూ ఒకటే పని అనుకుని వరస మార్చాం, అప్పట్నుంచి ఒంటిగంటకి అందరం కూర్చుని తింటున్నాం. ఆ వరసే ఇక్కడ మీకు చెప్తున్నా. ఇది వానాకాలం లెక్క, జూన్ నుంచి అక్టోబర్ దాకా బాగా కుదురుతుంది, ఎండాకాలంలో అయితే అన్నీ ఓ గంట ముందుకి జరుపుకోండి.

వంట కూడా ముందే చెప్పేస్తా. మధ్యాహ్నానికి పుంటికూర పప్పు, పచ్చిపులుసు, అన్నం. సాయంత్రం టీతో సొరకాయ వేసిన సర్వపిండి. పుంటికూర అంటే గోంగూరే, మా ఇంట్లో అట్లనే అంటాం.

శనివారం రాత్రి

పని ఇక్కడే సగం అయిపోతుంది, నిజంగా. ముందు నల్లా ఎప్పుడు వస్తుందో చూస్కోండి, మన దగ్గర చాలా గల్లీల్లో రోజు విడిచి రోజే కదా, ఆదివారం నల్లా లేని రోజైతే సంపు నింపుకుని, ఒక డ్రమ్ము విడిగా పట్టి పెట్టుకోండి, మూత మాత్రం తప్పకుండా పెట్టాలి. బట్టలు కూడా శనివారమే ఉతికేయండి, మట్టి పని, బట్టల పని ఒకే రోజు పెట్టుకుంటే నీళ్ళూ చాలవు, ఓపికా చాలదు.

తర్వాత ఓ నాలుగు చెంచాల నువ్వులు, ఓ గుప్పెడు పల్లీలు విడివిడిగా వేయించి పెట్టుకోండి. నువ్వులు సిమ్‌లోనే వేయించాలి, చిటపటలాడడం మొదలవ్వగానే దింపేయాలి, రంగు మారిందాకా ఆగితే చేదొస్తాయి. సగం నువ్వులు పొడి కొట్టి పచ్చిపులుసుకి, మిగతా సగం సర్వపిండికి. కొడవలి, చిన్న పార, కత్తెర, తట్ట ఒక్క చోట పెట్టండి, పొద్దున లేచాక కత్తెర ఎక్కడుందని ఇల్లంతా వెతకడంలోనే అరగంట పోతుంది. పిల్లలకి ఎవరు ఏం చెయ్యాలో రాత్రే చెప్పండి. పొద్దున నిద్ర లేపి చెప్తే గొడవే.

పొద్దున 6 గంటలకి

టీ పెట్టుకుంటూనే మూడు గిన్నెలు తీయండి. ఒకదాంట్లో గ్లాసు కందిపప్పు కడిగి నానబెట్టండి. రెండోదాంట్లో మూడు చెంచాల శెనగపప్పు, ఇది సర్వపిండికి, కనీసం రెండు గంటలు నానాలి. మూడోదాంట్లో నిమ్మకాయంత చింతపండు. ఇవి పెట్టాకే పెరట్లోకి అడుగు పెట్టాలి. మీరు గడ్డి పీకుతుంటే ఇక్కడ పప్పు దానంతటదే నానుతుంటుంది, ఆ టైమంతా మీకు మిగిలినట్టే.

ఇంకో మాట, ఆదివారం టిఫిన్ ఇంట్లో పెట్టుకోకండి. ఇడ్లీ బండి మీద తెప్పించండి, లేదంటే అటుకులు తడిపి పోపు వేస్కోండి చాలు. టిఫిన్, పెరడు, మధ్యాహ్నం వంట మూడూ ఒక్క పొద్దున్లో పెట్టుకుంటే ఇంట్లో ఒక ఆడమనిషి పొయ్యి దగ్గర్నుంచి కదలదు, మిగతావాళ్ళంతా బయట కలిసి పని చేస్కుంటుంటే ఆమె ఒక్కతే లోపల ఉండిపోతుంది. నేను చాలా ఏళ్ళు అట్లనే ఉండిపోయాను, అందుకే గట్టిగా చెప్తున్నా.

6:30 నుంచి 8:30, పెరట్లో

మొట్టమొదట పిల్లలతో నిల్వ నీళ్ళు పారబోయించండి. పూలకుండీల కింద ప్లేట్లు, కొబ్బరి చిప్పలు, మూల పడేసిన పాత బకెట్, పక్కన పెట్టేసిన కూలరు, ఫ్రిజ్ వెనకాల ట్రే, సజ్జ మీద పాత టైరు ఉంటే అది కూడా. డెంగీ దోమ మురుక్కాలవలో కంటే ఇట్లాంటి శుభ్రమైన నిల్వ నీళ్ళలోనే ఎక్కువ గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ అవ్వడానికి సుమారు ఏడు నుంచి పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి పారబోస్తే ఆ గొలుసు మధ్యలోనే తెగిపోతుంది. ఊరికే పారబోస్తే సరిపోదు, గిన్నె లోపలి గోడలు పీచుతో రుద్దాలి, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా చాలా రోజులు బతికే ఉంటాయి. 2020లో మన మున్సిపల్ శాఖ ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు అని ఒక కార్యక్రమం పెట్టింది గుర్తుందా, అది ఇదే పని. మా చిన్నోడికి ఆ పది నిమిషాల పని అప్పజెప్పాం, నీళ్ళలో తోకపురుగులు కనిపిస్తే పరిగెత్తుకుంటూ వచ్చి చూపిస్తాడు, ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత గడ్డి. వాన పడ్డ మర్నాడు అయితే వేళ్ళతో సహా వచ్చేస్తుంది, పొడి నేల అయితే ముందు రాత్రి కాసిన్ని నీళ్ళు చల్లి పెట్టండి. కాళ్ళకి బూట్లు ఉండాల్సిందే, రాళ్ళు, ఇటుకలు, కుండీలు కదిపే ముందు కర్రతో తట్టండి, వానల్లో తేళ్ళు, జెర్రులు, ఒక్కోసారి పాములు కూడా వాటి కింద చేరతాయి. ఈ రాళ్ళు కదిపే పని పిల్లలకి ఇవ్వొద్దు.

గడ్డి అంతా ఒకటి కాదు. తుంగ ఉంటుంది చూడండి, పైన పీకితే వారానికి మళ్ళీ లేస్తుంది, కింద చిన్న గడ్డ ఉంటుంది, పారతో తవ్వి ఆ గడ్డ తీసేస్తేనే పోతుంది. వయ్యారిభామ అయితే తెల్ల పూలు రాకముందే పీకాలి, చేతికి గ్లోవ్స్ వేస్కుని, కొంతమందికి దాన్ని తాకితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పుప్పొడికి ఆయాసం కూడా వస్తుంది. ఇగ మూడో రకం, తినేవి. గంగవాయిలి కూర వానలకి మడుల మధ్య తనంతట తనే వస్తుంది, పుల్లగా మెత్తగా పప్పులో భలే ఉంటుంది. తుమ్మి కూడా వస్తుంది, వినాయక చవితికి మా ఇంట్లో తుమ్మికూర వండాల్సిందే. మా అత్తమ్మ పీట వేస్కుని కూర్చుంటుంది, మేం పీకిన గడ్డి తట్టలో వేసి ఆమె ముందు పెడతాం, ఆమె అందులోంచి కూర విడిగా తీసి పెడుతుంది, అట్లా తీస్తూ మా పాపకి ఆకు నలిపి వాసన చూపిస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పని వాళ్ళకే ఇవ్వండి, మోకాళ్ళ నొప్పులున్నా చేయగలరు, పైగా అది వాళ్ళకే తెలిసిన విద్య. మొక్క ఏంటో ఖాయంగా తెలియకపోతే మాత్రం తినొద్దు, పారేయండి.

ఇప్పుడు కోతలు. పుంటికూర మొక్కని పీకకండి, పైకొసలు జానెడు దాకా తుంచండి, పక్కల కొమ్మలేసి ఇంకా గుబురుగా వస్తుంది. కరివేపాకు కూడా అంతే, ఆకులు ఒక్కొక్కటి గిల్లితే చెట్టు పొడుగ్గా సన్నగా పోతుంది, కొమ్మ చివర కత్తెరతో కట్ చేస్తే గుబురవుతుంది. సొరకాయ లేతదా ముదిరిందా అంటే గోరు గుచ్చి చూడండి, తేలిగ్గా దిగితే కోసేయొచ్చు, దిగకపోతే విత్తనానికి వదిలేయండి. పూలు రాలిపోతున్నాయి కాయ పట్టట్లేదు అని చాలామంది అడుగుతుంటారు, సొర పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది, ఆ టైముకి తేనెటీగలు తక్కువ, కాబట్టి చీకటి పడే ముందు మగ పువ్వు తెంపి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. వెనకాల పిందె ఉన్నది ఆడ పువ్వు, ఉత్త కాడ ఉన్నది మగ పువ్వు.

చెత్త సంగతి. ఎండుటాకులు దయచేసి తగలబెట్టకండి, ఆ పొగ పక్కింట్లో ముసలివాళ్ళకి, చంటిపిల్లలకి పోతుంది. మూల ఒక పాత డ్రమ్ముకి పక్కల, అడుగున రంధ్రాలు చేసి పెట్టుకోండి, వంటింటి తొక్కలు ఒక వంతు అయితే ఎండుటాకులు రెండు వంతులు, పొర మీద పొర, పైన గుప్పెడు మట్టి, వారానికోసారి కలిపి కాస్త పుల్ల మజ్జిగ చల్లండి. వాసనొస్తుందంటే తడి ఎక్కువైందని, ఇంకాసిని ఎండుటాకులు వేయండి, వాన నీళ్ళు పడకుండా పైన మూత ఉంచండి. వండిన అన్నం, మాంసం ముక్కలు వేయొద్దు, ఎలకలొస్తాయి. రెండు మూడు నెలలకి నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో ఎరువు రెడీ. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు విడిగా పెట్టి చెత్త ఆటోకి ఇవ్వండి.

8:30కి ఆపేయండి, ఇంకొంచెం ఉంది అన్నా సరే ఆపేయండి. ఎండ ముదిరాక చేసిన పని సాయంత్రం తలనొప్పి కింద వస్తుంది. స్నానాలు, టిఫిన్, ఒక అరగంట ఊరికే కూర్చోండి.

10 గంటలకి, వంట

కూర ఏరడం అందరూ చుట్టూ కూర్చుని చేసే పని, దీన్ని వంటింట్లో కాకుండా హాల్లోనో వరండాలోనో పెట్టుకోండి. వానాకాలం ఆకుకి మట్టి ఎక్కువుంటుంది, మూడు సార్లు కడగాలి, నీళ్ళు వంపేయడం కాదు, ఆకుని పైకి తీసి వేరే గిన్నెలో వేయాలి, అప్పుడే మట్టి అడుగున ఉండిపోతుంది. ఆ నీళ్ళూ, బియ్యం కడిగిన నీళ్ళూ బకెట్‌లో పట్టి పెట్టండి, సాయంత్రం మొక్కలకి.

పుంటికూర పప్పులో అందరూ చేసే తప్పు ఒకటుంది, పప్పు, కూర కలిపి కుక్కర్‌లో పెట్టేయడం. కూర పులుపుకి పప్పు సరిగ్గా ఉడకదు, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. నానిన కందిపప్పుని చిటికెడు పసుపు, ఒక చెంచా నూనె వేసి విడిగా నాలుగు విజిల్స్ రానివ్వండి. ఇంకో పక్క మూకుట్లో రెండు చెంచాల నూనె, ఒక ఉల్లిగడ్డ, ఐదారు పచ్చిమిర్చి వేయించి, రెండు పెద్ద గుప్పెళ్ళ పుంటికూర వేసి మూత పెట్టండి, ఐదు నిమిషాల్లో ఆకంతా కరిగిపోయి ముద్దలా అవుతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దానికి పడదు, స్టీలు గానీ మట్టిది గానీ వాడండి. ఉడికిన పప్పుని మెదిపి ఇందులో కలిపి, ఉప్పు అప్పుడు వేసి, ఓ ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. ఎర్ర కాడ పుంటికూర అయితే పులుపు ఎక్కువ, ఆకు కాస్త తగ్గించుకోండి. పోపుకి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన ఎల్లిగడ్డ ఏడెనిమిది రెబ్బలు, అప్పుడే కోసిన కరివేపాకు. ఎల్లిగడ్డ ఎర్రగా అయ్యేదాకా ఆగండి, ఈ పప్పు రుచంతా అక్కడే ఉంది.

పచ్చిపులుసుకి పొయ్యి పని పెద్దగా లేదు, అందుకే ఇది పిల్లలకి. మూడు పచ్చిమిర్చి మంట మీద కాల్చడం మీరు చేసిపెట్టండి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డలో ఉప్పు, జీలకర్ర, కాల్చిన మిర్చి వేసి చేత్తో గట్టిగా పిసకమనండి, మిర్చి పిసికాక కళ్ళు తుడుచుకోకుండా చేతులు కడిగించండి. చింతపండు రసం పిండి, మూడు నాలుగు గ్లాసుల చల్లటి నీళ్ళు కలిపి, నువ్వుల పొడి, కొత్తిమీర, కొంచెం బెల్లం. పోపు పైన వేసి మూత పెట్టేయండి, మరిగించకూడదు.

బియ్యం 12 గంటలకి పెట్టండి, అంతకంటే ముందొద్దు. చేసింది రెండే కాబట్టి వేడన్నం మీద పప్పు, కాస్త నెయ్యి ఉండాలి. మేం జామచెట్టు కింద చాప వేస్కుని తింటాం, వాన ఉంటే వరండాలో. తిన్నాక గిన్నెలు మా ఆయన, మా పాప కడుగుతారు, వండినవాళ్ళు కడగొద్దు అని మా ఇంట్లో రూల్, మీరూ మొదటి రోజే పెట్టేస్కోండి, తర్వాత పెట్టడం కష్టం.

సాయంత్రం, సర్వపిండి

రెండు గ్లాసుల బియ్యప్పిండిలో తురిమిన సొరకాయ ఒక కప్పు, నానిన శెనగపప్పు, నువ్వులు, పలుకుగా దంచిన పల్లీలు, పచ్చిమిర్చి ఎల్లిగడ్డ ముద్ద, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు. సొరకాయ తురుము ముందు ఒక చిటికెడు నాలుక మీద పెట్టుకుని చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి, కాస్త చేదే కదా అనుకోకండి, ఆ చేదులో విషం ఉంటుంది, ఉడికించినా పోదు, వాంతులు, కడుపునొప్పితో ఆస్పత్రి దాకా పోవాల్సి వస్తుంది. నీళ్ళు ముందే పోయొద్దు, ఉప్పుకి సొరకాయే నీళ్ళు వదుల్తుంది, అప్పటికీ చాలకపోతే కొద్ది కొద్దిగా వేస్తూ చపాతీ పిండి కంటే కొంచెం మెత్తగా కలపండి.

లోతైన మందపాటి గిన్నెకి లోపలంతా నూనె రాసి, పిండి ముద్ద పెట్టి వేళ్ళతో అడుగున, పక్కలకి పల్చగా వత్తండి, ఎంత పల్చగా ఉంటే అంత కరకరలాడుతుంది. వేలితో నాలుగైదు బొక్కలు పెట్టి వాటిల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సిమ్‌లో పది పన్నెండు నిమిషాలు. తిప్పెయ్యక్కర్లేదు, అంచులు గిన్నెని వదిలితే అయినట్టే. రెండోది వత్తేముందు గిన్నె పూర్తిగా చల్లారాలి, లేకపోతే చేతులు కాల్తాయి, పిండీ అంటదు. అందుకే రెండు గిన్నెలు పెట్టుకుని ఒకటి కాలుతుంటే ఇంకోటి చల్లార్చుకోండి.

చీకటి పడేలోపు

పురుగులు కనిపిస్తే ఇప్పుడే స్ప్రే చేయాలి. మందారం మీద పిండినల్లి, చిక్కుడు మీద పేనుబంక వానల్లో మామూలే. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు బాగా కలిపి ఆకు కింది వైపు తగిలేలా కొట్టండి. కోసే ముందు మాత్రం కొట్టకండి, ఒకసారి నేను శనివారం సాయంత్రం కరివేపాకు మీద కొట్టి ఆదివారం పొద్దున అదే పోపులో వేశాను, పప్పంతా చేదు, ఎవరూ తినలేకపోయారు. ఎప్పుడైనా కోత అయ్యాకే కొట్టండి, మళ్ళీ వారం దాకా ఆ మడి జోలికి పోకండి.

ఆఖరి పని విత్తనాలు. మడి మొత్తం ఒకేసారి చల్లితే ఒక వారం తినలేనంత కూర, తర్వాత నెల రోజులు ఏమీ ఉండదు. నాలుగు చిన్న మడులు చేస్కోండి, వారానికొకటి చల్లండి. తోటకూర, మెంతికూర సుమారు 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తాయి కాబట్టి నాలుగో మడి చల్లిన మరుసటి వారానికి మొదటిది చేతికొస్తుంది, అక్కడి నుంచి ప్రతి ఆదివారం ఏదో ఒకటి ఉంటుంది. కొత్తిమీర చల్లాలంటే ధనియాలని చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి వేయండి. అపార్ట్‌మెంట్ వాళ్ళైతే 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లు నాలుగు కడిగి, అడుగున బొక్కలు పెట్టుకోండి, మా చెల్లెలు కూకట్‌పల్లిలో బాల్కనీలో ఇదే లెక్కన వేస్తుంది, ఎండ రోజుకి నాలుగైదు గంటలు తగిలితే చాలు.

చల్లాక పైన పల్చగా ఎరువు, ఆ మీద తడి గోనెసంచి కప్పండి, లేకపోతే చీమలు, పిట్టలు గింజలు ఎత్తుకుపోతాయి, రాత్రి జోరు వాన పడినా గింజ కొట్టుకుపోదు. పొద్దున దాచిన కూర కడిగిన నీళ్ళు ఆ సంచి మీదే పోయండి. మూడో రోజు నుంచి రోజూ సంచి ఎత్తి చూడండి, మొలక కనిపించిన రోజే తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు సంచికి అల్లుకుని తెగిపోతాయి. మా ఇంట్లో స్కూలుకి పోయే ముందు ఆ సంచి ఎత్తి చూసే డ్యూటీ చిన్నోడిది.